లాగడం సరే, నిలపడం ఎలా?

గోదావరి జిల్లాల్లో క్యారవాన్ అనగానే జనానికి గుర్తొచ్చేది సినిమా షూటింగు. కొబ్బరితోట పక్కన పొడుగ్గా నిలబడి, జనరేటరు రొదపెడుతూ, లోపల ఎవరున్నారోనని పిల్లలు చుట్టూ తిరిగే బండి అది. ఆ మాటకి ఇప్పుడు ఇంకో అర్థం వచ్చి చేరుతోంది. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటకానికని ఒక విధానమే ప్రకటించింది. అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలకి సెలవుల్లో అలాంటి బండి అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లిరావడం ఇప్పుడు వింత కాదు. అదే పద్ధతిలో పిల్లాజెల్లాతో దిండి నుంచి అంతర్వేది దాకా, ద్రాక్షారామం నుంచి పట్టిసీమ దాకా తిరిగి రాలేమా అనుకోవడం సహజమే. ఈ బండ్లు రెండు రకాలు. ఇంజను, ఇల్లు ఒకే చట్రం మీద ఉంటే మోటారు క్యారవాన్. కారు వెనక హుక్కుకి తగిలించి లాక్కెళ్లేది ట్రైలరు. ఇక్కడ చర్చ రెండో దాని గురించి. దాని సంగతి ఎత్తగానే మంచాలెన్ని, స్నానాల గది ఉందా, వంట ఎక్కడ అని అడుగుతారు. కాస్త యంత్రాల గొడవ తెలిసినవాళ్లయితే ఏ కారు ఎంత బరువు లాగుతుందని అడుగుతారు. దాన్ని వెనక్కి నడిపి, అనుకున్న చోట నిలపడం ఎవరు నేర్పుతారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. డెల్టాలో ఈ వ్యవహారమంతా తేలేది ఆ ప్రశ్న దగ్గరే అని నా అభిప్రాయం.

సంసారాన్ని బండిలో పెట్టుకుని తిరగడం ఈ సీమకి కొత్తేమీ కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక కాలవలు చేలకి నీళ్లివ్వడంతో పాటు మనుషులకి దారులు కూడా అయ్యాయి. రాజమండ్రి నుంచి కాకినాడకీ ఏలూరుకీ పడవల మీద వెళ్లేవారు. ఏలూరు దగ్గర గోదావరి కాలవ కృష్ణా కాలవతో కలుస్తుంది కనక బెజవాడ దాకా నీటి మీదే ప్రయాణం. గాలి పడిపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. ఇల్లు ఒకటి, దాన్ని లాగే బలం వేరొకటి. ట్రైలరు సూత్రమూ అదే. తీర్థాలకి వెళ్లే గూడుబండిదీ అదే తీరు. చెట్టు కింద కాడి దించి, ఎడ్లని విప్పి నీళ్లకి తోలితే, బండి అక్కడే పందిరిగా మారేది. ఈ విప్పేసి వదలడంలోనే అసలు సౌకర్యమంతా ఉంది. కాలవలు తవ్వినవాళ్లు పడవ ఆగడానికి రేవులూ, మట్టం మారేచోట లాకులూ కట్టారు. తర్వాత అవే గట్ల మీద రోడ్లు వేసినవాళ్లు బండి ఎక్కడ ఆగాలో అంతగా తలచుకోలేదు. ఇవాళ రోడ్లున్నాయి, రేవులు లేవు.

పడవా గూడుబండీ పోయాక ఆ చోటులోకి వచ్చింది ట్రాక్టరు తొట్టి. ధాన్యమూ ఎరువూ ఇటుకా మోసే తొట్టిలోనే గడ్డి పరిచి, జంపఖానా వేసి పెళ్లివారినీ భక్తులనీ ఎక్కించడం తెలుగునాట అందరూ చూసినదే. సరుకుల బండిలో మనుషులని తీసుకెళ్లకూడదని చట్టం చెబుతూనే ఉంది. ఎందుకు చెబుతోందో లెక్కలే చెబుతాయి. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు మూసీ కాలవలో పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ పొలం పనికి వెళ్తున్న ఆడవాళ్లు. 2020 జూన్‌లో అప్పటి కృష్ణా జిల్లా వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టరులో తిరిగి వస్తున్నవాళ్లని లారీ గుద్దితే 12 మంది చనిపోయారు. 2022 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూరు దగ్గర గుడికి వెళ్లొస్తున్న తొట్టి చెరువులో బోల్తాపడి 26 మంది, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ, బలయ్యారు. వీటిని చూపించి ట్రైలరంటేనే ప్రాణాంతకమని తీర్మానించేవాళ్లున్నారు. ఈ వార్తల నుంచి నేర్చుకోవలసింది అంతకన్నా ఇరుకైనది, అంతకన్నా ఖచ్చితమైనది: కదిలే ట్రైలరులో మనిషి ఉండకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు పరుపులూ కుర్చీలూ ఉన్న ఖరీదైన ట్రైలరుకి కూడా ఇదే నిబంధన పెట్టాయి. అందరూ కారులో, బెల్టు పెట్టుకుని. ఇల్లు ఖాళీగా వెనకాల. డెల్టాలో కుటుంబ ట్రైలరు ఎప్పుడైనా వస్తే అది తొట్టి అలవాటుని కొనసాగించకుండా తెంచాలి. ఎండాకాలం మధ్యాహ్నం, లోపల మంచాలుండగా, పెద్దావిడ నడుం వాలుస్తానంటే కాదనడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయినా కాదనాలి.

ఇక వెనక్కి నడపడం. కారుని మామూలుగా రివర్సు చేసేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే కారు వెనకభాగం కుడికి పోతుంది. ట్రైలరు తగిలించి అదే చేస్తే కారు వెనకభాగం కుడికే పోతుంది కానీ, అది హుక్కుని కుడికి నెట్టడంతో ట్రైలరు తోక ఎడమకి తిరుగుతుంది. ఇది తికమకలో సగం. ముందుకు వెళ్లేటప్పుడు ట్రైలరు తాడు కట్టిన దూడలాగా దానంతటదే దారికొస్తుంది. వంకర ఉన్నా తగ్గుతుంది. వెనక్కి నెట్టేటప్పుడు దీనికి పూర్తి విరుద్ధం. చిటికెడు వంకర మొదలైందంటే అది తనంతట తను పెరుగుతూనే ఉంటుంది, చేయి కదపకపోయినా. అందుకే మలుపు మొదలుపెట్టడానికి ఒకవైపు తిప్పిన స్టీరింగుని కొద్ది క్షణాల్లోనే రెండోవైపు తిప్పి ట్రైలరు వెంట కారుని పంపించాలి. ఆలస్యమైతే కారూ ట్రైలరూ మూసిన అడకత్తెరలా దగ్గరకొస్తాయి. ఒక కోణం దాటిపోయాక స్టీరింగు ఎంత తిప్పినా అది విడదు. ముందుకు లాగడం తప్ప మార్గం లేదు. దీనికి ఎప్పటినుంచో ఉన్న చిట్కా ఒకటుంది: చేతిని స్టీరింగు చక్రం అడుగున పెట్టుకోవాలి. ట్రైలరు తోక ఎటు పోవాలో చేతిని అటు జరపాలి. అది చాలు, మెదడులో కుడి ఎడమల పేచీ తీరిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. పొట్టి ట్రైలరు నడపడం తేలిక, పొడుగుది కష్టం అనుకుంటారు. రివర్సులో పొట్టిదే మొండిది. తప్పు తెలిసేలోపే మెలిక పడుతుంది. పొడుగుది నిదానంగా తిరుగుతుంది, దిద్దుకునే వ్యవధి ఇస్తుంది.

ఈ విద్య డెల్టాలో లేదనడం అబద్ధం. ధాన్యం తొట్టిని రైసుమిల్లు ఆవరణలో బస్తాల గుట్టకీ గోడకీ మధ్య జానెడు సందులో వెనక్కి పెట్టే డ్రైవర్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. చేపల చెరువు గట్టు మీద ఇరువైపులా నీళ్లుండగా వెనక్కి పోయేవాళ్లున్నారు. వాళ్లలో కొందరు రెండు చక్రాల తొట్టికి అలవాటు పడ్డవాళ్లు, కొందరు నాలుగు చక్రాలదానికి. నాలుగు చక్రాల తొట్టికి ముందు ఇరుసు కూడా తిరుగుతుంది కనక వంగే కీళ్లు ఒకటికి రెండవుతాయి. దాన్ని సూటిగా వెనక్కి నడిపినవాడికి క్యారవాన్ ట్రైలరు ఒక లెక్కలోది కాదు. చిక్కల్లా ఆ నేర్పు చేతుల్లో ఉంది, మాటల్లోకి రాలేదు. ఎలా చేశావని అడిగితే ‘అలా వచ్చేస్తుందండీ’ అంటారు. డ్రైవింగు స్కూళ్లవాళ్లు మాటలున్నవాళ్లు, వాళ్లకి ట్రైలరుతో పనిలేదు. ఈ రెండు వర్గాలకీ మధ్య ఎవరూ వంతెన వేయలేదు. నిజానికి ఇక్కడ కుటుంబాలకి ట్రైలరు నేర్పగల గురువు కోసం విదేశీ వీడియోలు వెతకనక్కర్లేదు. మిల్లు గేటు దగ్గర టీ తాగుతూ ఉంటాడు.

ఆ గురువుల దగ్గరే నేర్చుకోదగ్గ రెండో పాఠం సైగ. లారీ వెనక్కి వెళ్తుంటే క్లీనరు దిగి బాడీ మీద చేత్తో కొడతాడు. బస్సు కండక్టరుకి ఒక విజిలంటే ఆగమని, రెండంటే పొమ్మని. మాటకన్నా మోత నయమని వాళ్లు కనిపెట్టారు. కుటుంబ ప్రయాణంలో వెనక నిలబడే క్లీనరు సాధారణంగా భార్యో, పెద్దకొడుకో. ‘కుడికి కుడికి’ అన్నప్పుడు ఆ కుడి ఎవరిది, కారుదా ట్రైలరుదా, చెప్పేవాళ్లదా? క్యారవాన్ నిలిపేటప్పుడు మొగుడూ పెళ్లాల పోట్లాట అమెరికాలో పాతబడ్డ హాస్యం. మనవాళ్లు దానికి కొత్త రంగులు అద్దగలరనడంలో సందేహం లేదు. డ్రైవరుకి అద్దంలో కనబడని చోట నిలబడితే ఏ సైగకీ విలువ లేదు, పైగా నిలబడ్డ మనిషి ప్రాణానికే ముప్పు. కనక అద్దంలో కనబడకపోతే బండి ఆగిపోవాలన్నది మొదటి ఒప్పందం. ట్రైలరు తోక ఎటు పోవాలో చేత్తో అటు చూపించడం రెండోది. అలాగే నేర్చుకునేది ఇంటి యజమాని ఒక్కడే అయితే సరిపోదు. స్టీరింగు పట్టుకున్నవాళ్లకి వెనక నిలబడినవాళ్ల ఇబ్బంది, నిలబడినవాళ్లకి స్టీరింగు ఇబ్బంది తెలిస్తేనే పని జరుగుతుంది. కనీసం ఇద్దరు, వంతులవారీగా.

బరువు సర్దడం గురించి మాత్రం రైతుకి పాఠం చెప్పనక్కర్లేదు. ఎడ్లబండిలో సరుకు ముందుకి ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలని అదిమేస్తుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు బిగుసుకుంటాయి. ట్రైలరుకీ అదే. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలంటారు. అక్కడికన్నా తేలికైన క్యారవాన్లు వాడే బ్రిటన్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. అంకెలు వేరైనా సారం ఒకటే: కాస్త ముందుకే మొగ్గాలి. వెనక బరువైతే వేగంలో ట్రైలరు పాము తోకలా ఊగడం మొదలుపెట్టి కారుని కూడా ఊపేస్తుంది. వెళ్లేటప్పుడు సరిగ్గా సర్దుకున్నవాళ్లే తిరుగు ప్రయాణంలో పప్పులో కాలేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు వెనక పెట్టినా నష్టం లేదు. కొబ్బరికాయల బస్తాలూ, కడియం నర్సరీలో కొన్న మట్టికుండీలూ తలుపు తీయగానే అందే వెనక మూల కుక్కితేనే లెక్క తారుమారవుతుంది. కొత్తవాళ్లు లాగే ట్రైలరు బరువు కారు బరువులో 85 శాతం మించకూడదని బ్రిటన్ క్యారవాన్ సంఘాలు చెప్పే సలహా. మన దేశంలో అమ్మే కార్లలో కొన్నిటి పుస్తకాల్లో అసలు ట్రైలరు లాగవద్దనే రాసి ఉంటుంది. ఆ పేజీ ముందుగా చదువుకోవాలి.

శిక్షణ ఇంత ముఖ్యమైతే చట్టం ఎందుకు అడగదన్నది న్యాయమైన ఆక్షేపణ. కారు లైసెన్సుకి రివర్సు పరీక్ష ఉంది కానీ ట్రైలరు తగిలించి చేసే పరీక్ష విడిగా లేదు. నష్టపరిహారం దావాల్లో సుప్రీంకోర్టు చెప్పినదీ సడలింపు వైపే. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు ట్రైలరు తగిలించినంత మాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లో నాగశెట్టి కేసులో తేల్చింది. తేలికపాటి వాహన లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండ్లు నడపవచ్చని 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఖరారు చేసింది. అమెరికాలో కూడా 10,000 పౌండ్ల లోపు ట్రైలరుకి చాలా రాష్ట్రాల్లో మామూలు లైసెన్సే చాలు. బ్రిటన్ కథ మరీ ఆసక్తికరం. 1997 జనవరి నుంచి లైసెన్సు పొందినవాళ్లు పెద్ద ట్రైలరు లాగాలంటే వేరే పరీక్ష పాసవ్వాలని పెట్టింది, అందులో రివర్సు ఒక అంశం. 2021 డిసెంబరులో దాన్ని రద్దు చేసింది. చూశారా, అక్కర్లేదని వాళ్లే తేల్చుకున్నారు అనవచ్చు. కానీ ఆ రద్దుకి కారణం లారీ డ్రైవర్ల కొరత. పరీక్ష పెట్టే అధికారులని లారీ పరీక్షల వైపు మళ్లించడానికి తీసుకున్న నిర్ణయం అది. శిక్షణ మాత్రం తీసుకోమని ప్రభుత్వం చెబుతూనే ఉంది. పైగా అక్కడ 1907 నుంచి క్యారవాన్ క్లబ్బు ఉంది, ట్రైలరు నడపడం నేర్పే తరగతులున్నాయి. చట్టం తప్పుకుంటే పట్టుకోవడానికి వేరే చేతులున్నాయి. మనకి అవి లేవు. పరీక్ష పెట్టమని నేను కోరను. పరీక్ష పెడితే ఏజెంటు పుడతాడు. నేర్చుకునే చోటు కావాలి.

చోటు దగ్గరే డెల్టా అసలు పరీక్ష పెడుతుంది. పల్లె రోడ్డు ఒక వరస తారు వెడల్పు 3.75 మీటర్లు. యూరపు క్యారవాన్ వెడల్పు దాదాపు 2.3 మీటర్లు. మిగిలేది ఒకటిన్నర మీటరు కూడా లేదు. ఒకపక్క కాలవ, ఒకపక్క చేలు, ఎదురుగా గడ్డి లారీ. ఈ లెక్క చూపించి, ఇక్కడ ట్రైలరు పనికిరాదు, ఉంటే మోటారు క్యారవాన్ ఉండాలి అనేవాళ్ల వాదన బలంగా కనబడుతుంది. ఒకే బండి, రివర్సు గొడవ లేదు. ఒక్క అడుగు ముందుకేసి చూస్తే అదే వాదన తిరగబడుతుంది. మోటారు క్యారవాన్‌లో వచ్చినవాళ్లు అయినవిల్లి వెళ్లినా, ర్యాలి వెళ్లినా, అప్పనపల్లి వెళ్లినా ఇల్లంతా నెత్తిన పెట్టుకుని ఆ గట్టు రోడ్డులోకే దూరాలి. ట్రైలరువాళ్లు 216వ నంబరు జాతీయ రహదారి పక్కన ఎక్కడో ఒకచోట ఇల్లు దించి, గూడుబండి ఎడ్లని విప్పినట్టు కారుని విప్పుకుని, రోజంతా సందుగొందులు తిరిగి రాత్రికి చేరుకోవచ్చు. ట్రైలరు విలువ దాన్ని వదిలి వెళ్లగలగడంలో ఉంది. కనకనే నిలపడం ఈ ప్రయాణానికి ప్రాణం, పెద్ద రోడ్డు మీద లాగడం అందులో సులువైన భాగం. (మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాటు రోడ్డు ఎక్కిద్దామనుకునేవాళ్లకి ఈ వాదన వర్తించదు. అక్కడికి కారొక్కటే వెళ్లాలి.)

అమెరికా శిబిరాల్లో ఒకవైపు నుంచి వెళ్లి రెండోవైపు బయటపడే స్థలాలుంటాయి, అలా కడితే రివర్సే అక్కర్లేదు కదా అనే మాట కూడా ఉంది. అలాంటి చోటుకి ముందూ వెనకా దారులుండాలి. సెంట్లలో భూమి కొనే కోనసీమలో ఎవరు వదులుతారంత నేల? నేర్పు పెరిగినకొద్దీ నేల ఆదా అవుతుంది. కెమెరాలూ, రిమోటుతో ట్రైలరు చక్రాలని తిప్పే చిన్న మోటార్లూ ఉన్నాయని ఇంకొందరంటారు. కెమెరా వెనక ఏముందో చూపిస్తుంది, చేయి ఎటు తిప్పాలో చెప్పదు. ఆ మోటార్లు చదును చేసిన గట్టినేల మీద ముచ్చటగా పనిచేస్తాయి. వాన పడ్డ నల్లమట్టిలో చక్రమే దిగబడితే అవి చేసేదేముంది? నిజానికి మన బండ్లలో సహజంగానే ఒక సదుపాయం ఉంది. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనక, నిలపాల్సిన చోటు తన కుడివైపు ఉండేలా వచ్చి రివర్సు చేస్తే కిటికీలోంచి ట్రైలరు పక్కంతా కళ్లారా కనబడుతుంది. ఎడమవైపుకి వెళ్తే గుడ్డి మలుపే. స్థలాలు కట్టేవాళ్లు లోపలి దారిని కుడిచేతి మలుపుకి అనువుగా, నిటారుగా కాకుండా ఏటవాలుగా గీస్తే సగం కష్టం తీరుతుంది. ఇంకో రెండు జాగ్రత్తలు. హుక్కు విప్పే ముందు చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, విప్పాక కాదు. కొబ్బరిచెట్టు నీడ ఎంత చల్లగా ఉన్నా దాని కింద నిలపకూడదు; కాయ పడితే రేకు కప్పు సంగతి చెప్పనక్కర్లేదు.

మళ్లీ 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాలప్పుడు జాతీయ రహదారి మీద బారులు తీరిన బండ్లని చూసినవాళ్లకి, ఊరి బయట పార్కింగు మైదానాలు ఎంత అవసరమో తెలుసు. వాటిలో ఒక మూల ట్రైలర్లకీ తొట్లకీ వేరుగా గీతలు గీయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పుష్కరాల తర్వాత అదే మూల నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. అంతదాకా ఆగనక్కర్లేదు కూడా. దాళ్వా కోతలయ్యాక మే నెలలో చేలు గట్టిపడి ఉంటాయి, కాలవలు కట్టేసి ఉంటాయి, పిల్లలకి బడి ఉండదు, ట్రాక్టరు డ్రైవర్లకి పని పలచబడుతుంది. నాలుగు కర్రలు పాతి, ముందు సూటిగా యాభై అడుగులు వెనక్కి, తర్వాత కుడికి ఒక మలుపు, తర్వాత రెండు కర్రల మధ్యకి. సరిగ్గా రాకపోతే ముందుకు లాగి మళ్లీ. రోజుకి గంట చొప్పున వారం పది రోజులు చాలవచ్చు, జూన్‌లో కాలవలకి నీళ్లొదిలి, తొలకరితో నేల మెత్తబడేలోపే.